స్తంభం లెక్కలకొస్తదా?

సజ్జా క్యాంపు, పదకొండో నంబరు రూము.
మంచం మీద మంచం, దాని మీద నేను.
సీలింగు నా ముక్కుకు మూరెడు దూరం.
పాస్‌పోర్టు గడువు ఇంక ఇరవై రెండు రోజులు.
తారీఖు కావాలంటే సైటుల అడగాలెనట.
పద్నాలుగేండ్ల సంది నాకు సైటంటే ఒక్కటే:
ఇసుక, తారు, నీళ్ల డబ్బా.
ఈ సైటు వేరే.
గేటు కాడనే నిలబెట్టి అడుగుతున్నది,
నువ్వు మనిషివేనా?

తొమ్మిది గడులు.
రోడ్డు దాటే తెల్ల పట్టీలు ఏడున్నయో నొక్కుమన్నది.
నవ్వొచ్చింది.
నన్నా అడిగేది?
రాత్రి పది నుంచి పొద్దుగాల అయిదు దాక
నేను గీసేదే అవి.
పెయింటు పీపా, తోపుడు బండి, మెరిసేందుకు గాజు పొడి,
అర మీటరు తెలుపు, అర మీటరు నలుపు.
కండ్లు మూసుకొని నడిచినా అరికాలికి తెలుస్తది
పట్టీ ఏడ మొదలైందో.

నాలుగు గడులు నొక్కిన.
అయిదో దాంట్ల, కింది మూలకు,
గోరంత తెలుపు.
కారి ఆరిన అంచు అది,
తొందరల గీసినోడి చెయ్యి.
అది గూడ నొక్కిన.

తప్పన్నది.

ఈసారి సిగ్నల్ లైట్లు.
ఎరుపు, పచ్చ కనబడ్డ కాడల్ల నొక్కిన.
కింద స్తంభమున్నది గదా,
అది లెక్కలకొస్తదా, రాదా?
స్తంభం కింద మనిషి లోతు గుంత తవ్వినం.
నాలుగు బోల్టులు, సిమెంటు, మూడు దినాలు తడుపుడు.
జూలై అది. నీళ్లు పోస్తాంటే ఆవిరి లేస్తుండె.
స్తంభం లేకుంటే దీపం గాలిల నిలవడ్తదా?
నొక్కిన.
తప్పు.

మెట్లన్నది. నిచ్చెన నొక్కిన.
ఎక్కేటివన్ని మెట్లే గదా మాకు.
తప్పు.

చెవి బొమ్మ నొక్కు, ఇని రాయి, అన్నడు
కింది మంచం దిల్‌బహదూర్.
గరగర, గరగర,
నడుమల ఎవరో ఆడామె
నీళ్లల్ల మునుగుకుంట అంకెలు చెప్తున్నట్టు.
మిక్సరు మోతల ఫోర్మన్ మాట పట్టుకునే చెవులివి.
మలయాళం పట్టినయి, పష్తో పట్టినయి,
మునిగేటామె ఇంగ్లీషు పట్టలే.

మాపటీలి బస్సెక్కుతుంటే
టైంకీపరు చేతిల లెక్క మిషనుంటది.
టిక్కు టిక్కు టిక్కు, ముప్పై ఏడు.
వేలిముద్ర మిషను మా వేళ్లను గుర్తు పట్టదు,
గాజు పొడికి గీతలన్ని అరిగినయి,
అందుకే ఈ టిక్కు.
ఇన్నేండ్లల్ల ఒక్క దినం గూడ
మనిషివేనా అని అడగలే వాడు.
అడిగితే ఏం చెప్పేటోణ్నో.

ఆఖరికి షఫాకత్ పిలగాడు ఫోను గుంజుకున్నడు.
మీసం సరిగ్గ రానోడు.
"చాచా, నువ్వు రోడ్డును చూస్తున్నవ్.
అది ఏమనుకుంటున్నదో అది చూడాలె"
అనుకుంట, సగం అటు ముచ్చట పెట్టుకుంట,
టపటప మూడు గడులు.
పచ్చ టిక్కు పడ్డది.
షఫాకత్ మనిషే అని తేలింది,
నా పేరు మీద.

లోపల ఒక్క ముక్క రాసున్నది:
ఈ నెల తారీఖులు అయిపోయినయి.

మొన్న తెల్లారంగ బండి సర్దుకుంటుంటే
నెత్తి మీద కెమెరా గుండు మోసుకుంట కారొకటి
మా కోన్ల పక్క నుంచి నెమ్మదిగ పోయింది.
దానికంటే జర ముందు
ఆరని పట్టీ మీదికెల్లి ఒక బక్క పిల్లి దాటింది.
అటువైపు చెత్తడబ్బా కిందికి దూరింది.
ఫోర్మన్ చూడలే.
నేను చూసిన. మల్ల పెయింటెయ్యలే.

ఎప్పుడన్న, ఏ దేశంలనో, ఎవరికన్న
ఆ బొమ్మ తొమ్మిది ముక్కలై ఎదురొస్తే
కింది మూల గడిల తెలుపు తక్కువనే ఉంటది.
అండ్ల పిల్లి కాలున్నది.
తప్పంటది, తెలుసు.
నొక్కుండ్రి.